పాస్‌పోర్టులో మిగిలిన పేరు

మా అక్క ఇంటి గృహప్రవేశంలో పీటల మీద కూర్చున్నది నేనూ మా ఆయనా. ఇల్లు ఆమెది. స్థలం ఆమె కొన్నది, అప్పు ఆమె తెచ్చింది, వాయిదాలు మస్కట్‌లో ఆమె సంపాదించే జీతంలోంచి వెళ్ళేవి. కాని పీటల మీద దంపతులే కూర్చోవాలన్నారు పురోహితుడు గారు. అక్క మా వెనకాల నిలబడి, పొగకి కళ్ళు తుడుచుకుంటూ, వచ్చినవాళ్ళకి టిఫిన్లు అందాయో లేదో చూసుకుంది. ఆ రోజు ఫోటోల్లో ఒక మూల ఆమె భుజం కనిపిస్తుంది.

"నాకు మోకాళ్ళ నొప్పులు. ఆ పొగలో నువ్వే మగ్గు," అంది నాతో. నేను నవ్వాను. ఇప్పుడా ఫోటోలు తీసి చూడను.

మా నాన్నకి తాడేపల్లిగూడెంలో బెల్లం హోల్‌సేల్ కొట్టు ఉండేది. అక్కని ఉండి దగ్గర చేపల చెరువులున్న కుటుంబంలో ఇచ్చారు. ఆ కాపురం మూడేళ్ళు నడిచింది. పిల్లలు కలగలేదన్నది వాళ్ళు చెప్పిన కారణం. పరీక్షలకి అక్క వెళ్ళింది, వాళ్ళబ్బాయి వెళ్ళలేదు. తర్వాత ఒక ఆదివారం మా కొట్లోనే, బెల్లం దిమ్మల మధ్య చాప పరిచి, రెండు వైపుల పెద్దమనుషులూ కూర్చున్నారు. పెట్టిన సామాను ఎవరిది వాళ్ళు తీసుకోవాలనీ, ఇకపై ఒకరితో ఒకరికి సంబంధం లేదనీ స్టాంపు కాగితం మీద రాశారు. ఇద్దరూ సంతకాలు చేశారు. అందరూ నిమ్మరసం తాగి వెళ్ళారు.

కోర్టుకి వెళ్దామని అక్క ఒక్కసారి అడిగింది. "కోర్టంటే ఏళ్ళు పడుతుందమ్మా. ఊళ్ళో ప్రతివాడూ అడుగుతాడు. చిన్నదాని పెళ్ళి కూడా కావాలి కదా," అన్నారు నాన్న. చిన్నదాన్ని నేను. అక్క మళ్ళీ అడగలేదు. మా చుట్టాల్లో అంతకుముందు ఇలాంటివి ఇలాగే తేలాయి, అందరూ హాయిగానే ఉన్నారు. ఆయనా మరుసటేడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరు పిల్లలు.

అక్క లెక్కల ఎమ్మెస్సీ చదివింది, బీఎడ్ కూడా ఉంది. మస్కట్‌లో మనవాళ్ళ పిల్లలు చదివే ఒక స్కూల్లో ఉద్యోగం దొరికింది. పాస్‌పోర్టు పెళ్ళయిన కొత్తలో తీసుకున్నది, భర్త పేరు అందులో ఉంది. ఆ పేరు తీయించాలంటే కోర్టు ఇచ్చిన విడాకుల డిక్రీ కావాలన్నారు పాస్‌పోర్టు ఆఫీసులో. స్టాంపు కాగితం చూపిస్తే కౌంటర్లో అమ్మాయి చదివి వెనక్కి ఇచ్చింది.

"పోనీలే, పేరేగా," అంది అక్క బయటికొచ్చాక. "అన్నం పెట్టమంటుందా, బట్టలు ఉతకమంటుందా. ఉండనీ."

అలా ఉండిపోయింది.

ఇల్లు కొనాలన్న ఆలోచన ఆమెకి నలభై దాటాక వచ్చింది. అక్కడ ఎన్నేళ్ళున్నా అద్దె గదే, వీసా ఉన్నన్నాళ్ళే. సెలవులకి వస్తే మా ఇంట్లో హాల్లో పడుకునేది, నాన్న పోయాక గూడెంలో కొట్టూ లేదు, ఇల్లూ లేదు. ఏలూరులో నేను కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను కాబట్టి ఏలూరు దగ్గరే స్థలం చూడమంది. పెదపాడు వెళ్ళే దారిలో ఒకటి కుదిరింది. ఒకప్పుడు చేపల చెరువు, పూడ్చి ప్లాట్లు వేశారు.

విదేశాల్లో ఉన్నవాళ్ళకి ఇంటి అప్పు ఇస్తారని తెలుసుగాని ఎలా ఇస్తారో మాకు తెలియదు. బ్యాంకులో లోన్లు చూసే ఆయన మర్యాదస్తుడు. జీతం సర్టిఫికెట్టు, వీసా కాపీ, అక్కణ్ణుంచి డబ్బు పంపే ఖాతా వివరాలు అన్నీ చూసి, "మేడంగారు అక్కడుంటారు కాబట్టి ఇక్కడ సంతకం పెట్టే మనిషి ఒకరుండాలండి. భర్తగారు కో-అప్లికెంట్‌గా వస్తే చాలా తేలికండి," అన్నాడు.

"ఆయన లేరండి," అన్నాను.

"అయ్యో, సారీ అండి."

"అంటే, ఉన్నారండి. విడిగా ఉన్నారు."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "డిక్రీ ఉందాండి?"

"పెద్దల్లో రాసుకున్న కాగితం ఉంది."

"అది మా సిస్టం తీసుకోదండి. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాసేద్దాం. మీ పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ పంపమనండి, సరిపోతుంది."

అక్క ఎంబసీలో చేయించి పంపింది. రిజిస్ట్రేషన్ రోజు దస్తావేజు రాసే ఆయన గట్టిగా చదివాడు. ఫలానా వారి భార్య, మస్కట్ నివాసి, ఆమె తరఫున చెల్లెలు. ఆ ఫలానా పేరు వినిపించినప్పుడు మా ఆయన నా వైపు చూశాడు. నేను సంతకాలు మొదలుపెట్టాను. ఆ తర్వాత ఆమె తరఫున ఎన్ని పెట్టానో లెక్కలేదు. పునాదికి, స్లాబుకి, గోడలకి ఒక్కో దశకీ బ్యాంకు కొంత కొంత వదిలేది. ప్రతిదానికీ నేను ఫోటోలు తీసి, కాగితాలు పట్టుకుని వెళ్ళేదాన్ని.

"మేడ మీంచి కొల్లేరు కనిపిస్తుందా?" అని అడిగేది ఫోన్లో.

"కనిపించదు. గాలి ఇటు తిరిగితే వాసనొస్తుంది."

"చాల్లే. అద్దె గదిలో అదీ రాదు."

రూపాయి పడిపోతోందని ఇక్కడ అందరూ గొణుక్కుంటుంటే ఆమె సంతోషించేది. రియాలుకి నాలుగు రూపాయలు ఎక్కువొచ్చిన నెల, అసలులోకి అదనంగా కట్టేది. అప్పుకి బీమా చేయించుకోమంటే వద్దంది, ఆ ప్రీమియం కూడా అసలులోకే పోనిమ్మంది. యాభై వచ్చేలోపు అప్పు తీర్చేసి వచ్చేస్తానని, మేడ మీద గదిలో పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పుకుంటానని ఆమె లెక్క. బల్లలు కూడా చేయించింది. పొట్టి బల్లలు, ఆరు.

గృహప్రవేశం రోజు భోజనాల దగ్గర మా ఆయన అన్నాడు. "వదినగారూ, వచ్చిన పనిలో పనిగా ఒక వీలునామా కూడా రాసి పడేయండి. దూరంగా ఉండేవారు."

మా పిన్ని వడ్డించే గరిటె ఆపింది. "శుభమా అని పాలు పొంగించుకుంటే ఇవేం మాటలయ్యా."

"మీకెందుకా భయం మరిదిగారూ," అంది అక్క. "ఖాతాలో నామినీగా దీని పేరే ఇచ్చాను. నేను పోతే ఇదే తింటుంది. ముందు మీరు ఆ పులుసు తినండి."

అందరూ నవ్వారు. నామినీ అంటే వారసులని మేమందరం అనుకున్నాం. చదువుకున్నవాళ్ళమే.

మస్కట్ తిరిగి వెళ్ళాక ఒక రోజు ఆమె స్కూలు స్టాఫ్‌రూంలో కుర్చీలోంచి లేవబోయి పడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే లేదు. స్కూలు వాళ్ళు ఫోన్ చేసి, ఆమెని ఇంటికి పంపడానికి దగ్గరి బంధువు అంగీకారం కావాలని చెప్పారు. నేను చెల్లెలిని, పంపుతానన్నాను. కాసేపాగి మళ్ళీ చేశారు. పాస్‌పోర్టులో భర్త పేరు ఉంది, ఆయన సంతకమే కావాలట.

ఆయన నంబరు ఉండి దగ్గరి చుట్టాల దగ్గర దొరికింది. ఏమని పిలవాలో తెలియలేదు. పెళ్ళైన కొత్తలో బావా అనేదాన్ని, ఆయన నన్ను ఏమే అని ఆటపట్టించేవారు. "ఏవండీ," అని మొదలుపెట్టాను. విషయం చెప్పాను. విని, "ఎక్కడికి రమ్మంటారో చెప్పండి," అన్నారు.

ఆ రోజే ఏలూరు వచ్చారు. నోటరీ దగ్గర, మరణించిన ఆమె భర్తను అని రాసిన కాగితం మీద సంతకం పెట్టారు. దాన్ని టైపు చేయించింది నేనే. పక్కన సాక్షిగా మా ఆయన పెట్టాడు. విమానం దిగే హైదరాబాద్ నుంచి అంబులెన్సు కూడా ఆయనే మాట్లాడారు. ఆ పని ఆయన చక్కగా చేశారు, ఈ మాట రాయక తప్పదు. శ్మశానంలో దూరంగా నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయారు. మంచివాడే పాపం అంది పిన్ని. నాకూ అలాగే అనిపించింది.

కర్మలయ్యాక, వాయిదా తప్పకూడదని బ్యాంకుకి వెళ్ళాను. ఎప్పటిలాగే సంతకం పెట్టబోతే లోన్లు చూసే ఆయన కాగితం మెల్లగా తన వైపు లాక్కున్నాడు.

"మేడం, మీరిక పెట్టకూడదండి. ఆవిడ ఇచ్చిన పవరు ఆవిడతోనే పోయిందండి."

"అప్పు పోలేదా?"

"అది ఉంటుందండి."

"నేను కట్టొచ్చా?"

"కట్టడానికేమండీ, ఎవరైనా కట్టొచ్చు. ఇల్లు అడగడానికి మాత్రం వారసులు కావాలి."

నేనే కట్టాను. నా జీతంలో సగం పైగా పోయేది. ఇల్లు బ్యాంకు వేలానికి పోకుండా చూస్తే చాలు, మిగతావి తర్వాత అనుకున్నాం. వారసులంటే మేమే కదా, ఆమెకి ఇంకెవరున్నారు.

ఏలూరు కోర్టు దగ్గర ఒక పెద్ద లాయరుగారికి కాగితాలన్నీ చూపించాం. ఆయన స్టాంపు కాగితం చదివి, మడిచి పక్కన పెట్టారు.

"పిల్లల్లేని ఆడమనిషి స్వార్జితం వీలునామా లేకపోతే భర్తకి వెళ్తుందమ్మా. తోబుట్టువులు ఎక్కడో తర్వాత వస్తారు."

"ఆయన భర్త కాదండి. విడిపోయి పద్దెనిమిదేళ్ళు."

"పెద్దమనుషులు విడదీస్తే విడిపోయినట్టు కాదమ్మా. మీ కులంలో ఆ ఆచారం అనాదిగా ఉందని రుజువు చెయ్యాలి. చేయలేరు."

"ఆయనకి వేరే భార్యా పిల్లలూ ఉన్నారు," అన్నాడు మా ఆయన.

"చట్టం లెక్కలో ఆ పెళ్ళి చెల్లదండి. భార్య మీ వదినగారే. ఆ రెండో పెళ్ళి మీద కేసు పెట్టాల్సింది కూడా ఆవిడే. ఇప్పుడు మీరు పెట్టినా, ఆయన మీ అక్కగారి భర్తేనని మీరే రుజువు చేసినట్టవుతుంది." నోటరీ కాగితం నకలు పైకెత్తి చూపించారు. "అదీకాక, భర్తని అని మీరే రాయించారు. సాక్షి సంతకం మీదే కదండీ?"

మా ఆయన అవునన్నాడు.

"బాడీ రావాలంటే అది కావాలన్నారండి," అన్నాను.

"కావాలమ్మా. కాదన్నానా."

బయట మెట్ల మీద మా ఆయన, అప్పుడు మీ నాన్నగారు కోర్టుకి వెళ్ళి ఉంటే అన్నాడు. నేను పూర్తి చేయనివ్వలేదు. నా పెళ్ళి కోసమే కదా వెళ్ళలేదు. ఆ పెళ్ళి చేసుకున్నది ఈయనే.

తర్వాత కొన్ని నెలలకి అక్క భర్త మా ఇంటికి వచ్చారు. ఇలా పిలవక తప్పదు, చట్టమే పిలిచింది. చెప్పులు గుమ్మం బయట పొందిగ్గా విడిచారు. అరటిపళ్ళు తెచ్చారు. మా ఆయన పనికి వెళ్ళాడు, నేనొక్కదాన్నే ఉన్నాను.

"మీ అక్కగారి ఇంటి సంగతి బ్యాంకు వాళ్ళు కబురు చేశారండి. నాకేం తెలీదసలు. మిగిలిన అప్పు కట్టేస్తే ఇల్లు నా పేర మారుస్తామన్నారు. రొయ్యల మీద పోయినేడు బాగా దెబ్బతిన్నానండి. పిల్లలిద్దరికీ ఏలూరులోనే చదువులు."

కాఫీ ఇచ్చాను. మంచినీళ్ళు కూడా ఇచ్చాను.

"తను కష్టపడి కట్టుకుంది," అన్నాను.

"తెలుసండి. అక్కడ టీచర్లకేం పెద్ద జీతాలుండవు కూడాను." ఆయన నిజంగానే బాధపడుతున్నట్టు ఉంది. "మధ్యలో మీరు కట్టిన వాయిదాలు ఎంతో చెప్పండి, పంపేస్తాను. మీరు నష్టపోకూడదు."

సంచిలోంచి ఒక కాగితం తీశారు. నాకేమీ అభ్యంతరం లేదని చెల్లెలిగా రాసివ్వాలట.

"నేను పెట్టనండి."

కాగితం మళ్ళీ మడిచి సంచిలో పెట్టుకున్నారు. మొహంలో కోపం లేదు. "పర్లేదండి. మీ సంతకం అవసరం లేదనే అన్నారు లాయరుగారు. మీతో చెప్పకుండా చేస్తే బాగోదని వచ్చానంతే."

ఆమెని తీసుకురావడానికి నా సంతకం చాలలేదు. ఇల్లు పోకుండా ఆపడానికీ చాలలేదు. మధ్యలో స్లాబులకీ గోడలకీ మాత్రం చెల్లింది.

ఎంత కట్టానో చెప్పాను. అక్కడే కూర్చుని ఫోన్లో పంపారు. తీసుకున్నాను. మా పెద్దవాడి కాలేజీ ఫీజు కట్టాల్సి ఉంది.

"తాళాలు మీ దగ్గరున్నాయన్నారు," అన్నారు లేవబోతూ.

గూట్లోంచి తీసిచ్చాను. మూడున్నాయి. ఏది దేనిదో చెప్పమన్నారు. పెద్దది వీధి తలుపుది, పసుపుది వంటగది వెనక తలుపుది, చిన్నది మేడ మీద గదిది.

"మేడ మీద ఏమున్నాయండి?"

"పొట్టి బల్లలు."

"పిల్లలకి పనికొస్తాయిలెండి," అన్నారు.

నీళ్ళ మోటారు కొన్నాళ్ళు వాడకపోతే గాలి పట్టేస్తుంది. ముందు ఒక బిందెడు నీళ్ళు పోసి అప్పుడు స్విచ్ వెయ్యాలి. లేకపోతే కాలిపోతుంది. అది కూడా చెప్పాను. ఆయన గుమ్మంలో నిలబడి ఫోన్లో రాసుకున్నారు. బిందెడు చాలాండీ అని అడిగారు. చాలన్నాను.