అది ఈ ప్రాజెక్టు కిందికి రాదు

మొన్న శుక్రవారం తెల్లారి నా భార్య పోయింది. గుండె ఆగి పోయిందని ఊళ్లో కొందరు అంటున్నారు. కాదు. ఊపిరాడక పోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

వల్లూరు దగ్గర మేం బుడ్డలు, అంటే వేరుశనగ, వేసే చేను సోలార్ పలకల కిందికి పోయాక, ఆమె ఆ చేన్లోనే పలకలు కడిగే పనికి కుదిరింది. "నా చేనుకు నేనే నీళ్లు పోస్తా ఉండా, మొలకే రాదు" అని నవ్వేది. పలకల మీద పేరుకునేది రాష్ట్ర సరిహద్దు అవతలి సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము. దుమ్ము పడితే కరెంటు తగ్గుతుందని పలకలను కడిగించారు. కడిగే మనిషి ఊపిరితిత్తుల్ని ఎవరూ పట్టించుకోలేదు.

పోయినేడు ఫ్యాక్టరీవాళ్లు మీటింగ్ పెట్టారు. పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి, ఒత్తి, ద్రవం చేసి, పైపుల్లో రేవుకు, అక్కణ్ణుంచి ఓడలో తీసుకుపోయి, సముద్రం అడుగున రాతి పొరల్లో దాస్తారట. మాకు అర్థం కావాలని ఆఫీసరు దాన్ని "చెడ్డ గాలి" అన్నాడు. మా వైపు చెడ్డ గాలి అంటే దయ్యం. ముసలివాళ్లు భక్తిగా తలలూపారు.

నా భార్య లేచింది. "మంత్రగాడు సీసాలో బిగించి పారేసినట్లా సార్? బిరడా ఊడితే?"

అందరూ నవ్వారు. "ఊడదమ్మా. పైన మందమైన రాయి మూతలాగ ఉంటుంది" అన్నాడు ఆఫీసరు.

"మంచిదప్పా. కనపడని గాలిని అంత దూరం మోస్తారు. కనపడే దుమ్ము ఈడ మా మింద పడతా ఉండాది. పొగగొట్టం కాడ దాన్ని పట్టే గుడ్డసంచులు చినిగిపోయినాయంట గదా. ఎప్పుడు మారుస్తారు?"

"అది ఈ ప్రాజెక్టు కిందికి రాదమ్మా."

ఆ మాటను ఇంటికి తెచ్చుకుంది. రెండో కాఫీ అడిగితే, "అది ఈ ప్రాజెక్టు కిందికి రాదు." చివరి నెలల్లో గోడ పట్టుకుని నిలబడి, ఆస్పత్రి మెట్లు చూసి కూడా అదే మాట. నర్సు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

సముద్రం కింద దాయడం తప్పని నేను అనను. లోకానికి మేలైతే దాయనీ. సముద్రం అడుగు దాకా పోగలిగినవాళ్లకు గుడ్డసంచి మార్చడం చేతకాదా? చేతనవును. సంచి మారిస్తే పేపర్లో ఫోటో పడదు. అంతే.

మూడో రోజు నాగలమడిక దగ్గర అస్థికలు కలపబోతే ఏట్లో నీళ్లు లేవు. ఇసుక తోడి చెలమ తీశాం. ఊట మెల్లగా వస్తోంది. ఇంతలో ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి లేచింది. ఆమె బూడిద ఆ దుమ్ములో కలవకూడదని, ముంత మీద అరచెయ్యి మూసి, నీళ్లు ఊరే దాకా అట్లే కూర్చున్నాను.