అత్తమ్మ మోకాళ్ళు, మా ఆయన షేర్లు

మా ఆయనకు ధర్మవరంలో చిన్న పట్టుచీరల అంగడి ఉంది. బేరానికొచ్చిన ఆడవాళ్ళు రెండు చీరల మధ్య ఊగిసలాడుతుంటే ఈయనకు ఓపిక ఉండదు. "నచ్చింది కదమ్మా, ఇంగేం ఆలోచన? మాపటికి ఈ రంగు ఉండదు" అని డబ్బాలో పెట్టించేస్తాడు. ఈ మనిషే కన్నతల్లి ఆపరేషన్ కోసం నాలుగు షేర్లు అమ్మడానికి ఏడాది దాటి ఆలోచించాడు.

అత్తమ్మకు పెనుకొండ దగ్గర మల్బరీ తోట ఉండేది. పట్టుపురుగులకు ఆకు మోసి మోసి మోకాళ్ళు అరిగిపోతే, వాటిని మార్పించుకోవాలని ఆ తోటే అమ్మేసింది. ఆపరేషన్‌కు ఇంకా టైముంది కదా, డబ్బు బ్యాంకులో ఊరికే ఎందుకని మా ఆయన షేర్లలో పెట్టాడు. అవి పెరిగాయి కూడా. అక్కడే మా ఖర్మ కాలింది.

పెరుగుతుంటే "పెరిగేటప్పుడు ఎవరన్నా అమ్ముతారా?" అనేవాడు. తగ్గితే "నష్టానికి యాడ అమ్మేది?" అనేవాడు. ధర కదలకుండా ఉంటే, అది ఏదో పెద్ద వార్త కోసం కాచుకొని ఉందట. టీవీలో కోటు వేసుకున్నాయన అమ్మమంటే, ఫోన్ గ్రూపుల్లో ఉంచమనేవాడు దొరికేదాకా వెతికేవాడు. ఇంతమంది మాట విన్నవాడికి, పక్క గదిలో తల్లి గోడ పట్టుకుని మూలుగుతూ నడవడం మాత్రం వినిపించేది కాదు.

ఒకసారి హిందూపురంలో డాక్టరుకు చూపించి రైల్లో తిరిగి వస్తున్నాం. ఇంక ఆలస్యం చేయొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. నేనూ రైలెక్కినప్పటి నుంచి వదిలిపెట్టలేదు. పోరు పడలేక ఈయన ఫోన్ తీసి అమ్మకానికి నొక్కాడు. సరిగ్గా అప్పుడే సిగ్నల్ పోయింది. పెనుకొండ స్టేషన్లో మళ్ళీ వచ్చేసరికి ధర కొంచెం పెరిగి ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది.

"చూసినావా? దేవుడే ఆపినాడు. ఇంగా పెరిగేదుండాది" అన్నాడు నాతో.

కిటికీ పక్కన అత్తమ్మ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుని ఉంది. "అమ్మితివా నాయనా?" అని అడిగింది.

"రోంత తాళమ్మా. ఈ వారం చూస్తాం."

ఆ తర్వాత ఆమె ఇంకెప్పుడూ అడగలేదు. ఆ ఫోను లాక్కుని పట్టాల మీద పారేయాలన్నంత కోపం వచ్చింది నాకు. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మొన్న మళ్ళీ హిందూపురం పోయాం. డాక్టరు గుండె పరీక్షలు చేయించి, ఇప్పుడు మత్తు ఇస్తే ఆమె తట్టుకోలేదని, ఆపరేషన్ సంగతి మరిచిపొమ్మని చెప్పాడు. నొప్పికి మాత్రలు రాసిచ్చాడు. ఆస్పత్రి వరండాలో అత్తమ్మను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, చీర అంచు చక్రంలో పడకుండా సర్దుతున్నాను. మా ఆయన ఫోను పట్టుకుని గబగబా వచ్చాడు. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన ధర ఆ పూటే వచ్చిందట.

"ఏమే, ఇప్పుడు అమ్మల్లా, ఉంచల్లా?" అని అడిగాడు.