సొట్టల కప్పు

వ్లాదివొస్తోక్‌లో ఆఖరి రోజున కూడా రొడియోన్ తీరు మారలేదు. ఉన్న రెండో చొక్కా ఉతికి చవక హాస్టల్ కిటికీకి ఆరేశాడు. నిన్నటి నల్లరొట్టె, వేయించిన చిన్న చేపలు తిని, సొట్టలుపడ్డ ఎనామిల్ కప్పులో టీ పోసుకుని రేవుకేసి చూస్తూ కూర్చున్నాడు. పంతొమ్మిదో ఏట ఈ రేవులోనే నావికుడిగా చేరినప్పుడు ఇచ్చిన కప్పు అది. ముప్పయ్యేళ్లుగా అతని సంచికి వేలాడుతూ ఊరూరా తిరిగి, ఇన్నాళ్లకి మళ్లీ ఇక్కడికొచ్చింది. అతను ఎక్కడా గుండుసూది కూడా మరిచిపోయే మనిషి కాదు.

బయల్దేరబోతుంటే, హాస్టల్ నడిపే రయీసా అతన్ని మంచం మీద కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చుంది. "కాసేపు నోరు మూసుకో. అలా కూర్చుని లేస్తేనే ప్రయాణం బాగుంటుంది." ఎక్కడో ఓడ కూసింది. ఇద్దరూ లేచారు.

అతను వీధిలోకి దిగాక ఆమె కిటికీలోంచి కేకేసింది. "ఓయ్ మతిమరుపు మహారాజా! కప్పు వదిలేశావ్!"

"వెనక్కొస్తే దారి కలిసిరాదక్కా. ఏదైనా మరిచిపోతే మళ్లీ ఈ ఊరొస్తామంటారుగా, ఉండనీ."

"మళ్లీ ముప్పయ్యేళ్లకా? అందాకా నేనుండొద్దూ!"

అతను చెయ్యూపి నడిచాడు.

రైల్లో టీ కోసం పెట్టె చివరనున్న వేణ్నీళ్ల బాయిలర్ దగ్గరికి వెళ్లబోతూ సంచి పక్క తడుముకున్నాడు. ఉత్త తాడే తగిలింది. జీవితంలో మొదటిసారి, పక్కనున్న ముసలాయన్ని కప్పు అడిగాడు.