బుల్లిరాజు గారి హస్తవాసి

“ఆయన కూడా అదే కొన్నారా? అయితే ఆ కంపెనీ పోయినట్టే లక్ష్మీ. మన పిల్లాడి గతి ఏం కాను?”

వెంకటసత్యనారాయణ ఇలా వణికిపోవడానికి కారణం ఉంది. కువైట్ ఫర్వానియాలో వాళ్ళుండే బిల్డింగులో బుల్లిరాజు గారి గురించి తెలియనివాళ్ళు లేరు. మహా మంచి మనిషి. ఒక్కటే లోపం. ఆయన ముచ్చటపడి ఏ కంపెనీ సామాను కొంటే ఆ కంపెనీ బతికి బట్టకట్టదు.

ఇది గిట్టనివాళ్ళు పుట్టించిన మాట కాదు. పెద్ద టేపు వీడియో గొప్పదా, చిన్న టేపు వీడియో గొప్పదా అని కువైట్ అంతా కొట్టుకుంటున్న రోజుల్లో ఆయన వెళ్ళి చిన్న టేపుది కొన్నారు. ఏడాది తిరిగేసరికి అద్దె షాపుల్లో చిన్న టేపు కలికానికి కూడా దొరకలేదు. తర్వాత టీవీతో పనిలేకుండా తెర తనలోనే ఉన్న వీడియో ఆటపెట్టె ఒకటి కొన్నారు. పాపం, ఆ పెట్టె తయారుచేసేవాళ్ళు ఆ ముక్క తెలుసుకోకుండా ఇంకా ఫ్యాక్టరీ నడుపుతున్నారు. కొద్ది నెలల్లోనే మానేశారు.

విశేషమేమిటంటే ఆయన పనిచేసేది పక్కనే దజీజ్‌లో ఎలక్ట్రానిక్ సామాన్ల గోడౌన్‌లో. ఏ సరుకు రెక్కలొచ్చి ఎగిరిపోతోందో, ఏది దుమ్ము కొట్టుకుని పడి ఉందో ఆయనకు తెలిసినంతగా ఆ కంపెనీల యజమానులకు కూడా తెలియదు. అంతా తెలిసి, వెతికి వెతికి, పడి ఉన్నదే కొనేవారు. అందరికీ రాదు ఆ విద్య.

బజార్లో ఆయన కనిపిస్తే దుకాణాలవాళ్ళకు గుండెదడ. కడప నుంచి వచ్చిన రామాంజులు అక్కడొక షాపులో సేల్స్‌మన్. బుల్లిరాజు గారు గుమ్మం ఎక్కగానే చాయ్ తెప్పించేవాడు.

“ఏం సామీ, ఇట్లొచ్చినారు? ఇస్త్రీపెట్టె తీసుకోండి, ఫ్యాను తీసుకోండి. ఆటపెట్టెల దిక్కు మాత్రం సూడొద్దండి.”

“అదేంటయ్యా, మాకు అమ్మవా?”

“అమ్మను సామీ. నిన్ననే కంటెయినర్‌నిండా సరుకు దిగింది. మీ చెయ్యి పడిందంటే మా ముదీర్, అదే మా మేనేజరు, నాకు ఖలాస్ చెప్పి ఊరికి విమానం ఎక్కిస్తాడు. ఎదురంగట్లో కొనుక్కోండి. టాక్సీ నేను మాట్లాడతా.”

“ఎదురుగానే ఉంది కదా, టాక్సీ దేనికి?”

“మనసు మార్చుకుని మళ్ళీ ఇక్కడికే వస్తారేమోనని సామీ!”

సత్యనారాయణ ఇదంతా విని నవ్వుకున్నవాడే. ఎమ్మెస్సీ ఫిజిక్సు. ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే ప్లాంటులో, ల్యాబులో ఉద్యోగం. భార్య సత్యలక్ష్మిని, ఎనిమిదేళ్ళ అబ్బులును అమలాపురం నుంచి ఈమధ్యే తెచ్చుకున్నాడు. తెచ్చుకున్న రోజు నుంచి అతనికి కంటిమీద కునుకు లేదు. టీవీ కాంతికి కళ్ళు పోతాయని టేపు పెట్టి కొలిచి నేల మీద సుద్దగీత గీశాడు. గీత దాటితే ఏమవుతుందో పిల్లాడికి పాఠం చెప్పాడు. ఆ పాఠం విన్నాక పిల్లాడు టీవీ ఉన్న గదిలోకే వెళ్ళడం మానేశాడు.

అసలు బాధ అది కాదు. అబ్బులుకు తెలుగు తప్ప మరో ముక్క రాదు. మెట్ల మీద పిల్లలంతా హిందీలోనూ మలయాళంలోనూ కేకలు పెట్టుకుంటుంటే వీడు కిటికీ దగ్గర కూర్చుని వచ్చేపోయే బస్సులు లెక్కపెట్టేవాడు. “అమ్మమ్మ దగ్గరికి ఎప్పుడెళ్తాం?” అని రోజూ అదే ప్రశ్న.

ఆటపెట్టె ఒకటి కొంటే పిల్లలే వస్తారని సత్యనారాయణకు తోచింది. తోచగానే వెళ్ళి కొంటే అతను సైంటిస్టు ఎందుకవుతాడు? పట్టిక గీసి పరిశోధన చేశాడు. రంగులెన్ని, జ్ఞాపకశక్తి ఎంత, కరెంటు ఎంత లాగుతుంది, అన్నీ రాశాడు. మెట్ల మీద పిల్లల్ని మాత్రం ఒక్క మాట అడగలేదు. వాళ్ళకు ఫిజిక్సు రాదు కదా! చివరికి బొమ్మలు అన్నిటికంటే అందంగా కనబడే ఇంటెలివిజన్ అనే పెట్టె కొన్నాడు.

బిల్డింగులో ప్రతి పిల్లాడి దగ్గరా ఉన్నది అటారీ.

మెట్ల మీద స్నేహమంటే క్యాసెట్టు ఇచ్చిపుచ్చుకోవడం. ఒకరి పెట్టె క్యాసెట్టు ఇంకొకరి పెట్టెలో దూరదు. పిల్లలు గుంపుగా వచ్చారు, చూశారు, తమ క్యాసెట్టు పెట్టబోయారు, పట్టలేదు, వెళ్ళిపోయారు. తండ్రి పరిశోధన ప్రకారం ప్రపంచంలోకెల్లా మేలైన పెట్టె ముందు అబ్బులు ఒక్కడే మిగిలాడు. మర్నాటికి మళ్ళీ బస్సుల దగ్గరికి చేరాడు.

ఆ వారంలోనే బుల్లిరాజు గారు అదే పెట్టె చంకనబెట్టుకుని మెట్లెక్కారు. సత్యనారాయణ ఆయన వెనకే పరిగెత్తాడు.

“బాబాయ్ గారూ! మీకు దణ్ణం పెడతాను, అది తిరిగిచ్చెయ్యండి.”

“ఆయ్, ఎందుకు సత్యంబాబూ? బొమ్మలు ఎంత బాగున్నాయో!”

“మీరు కొంటే కంపెనీ ఉండదండీ. రేపు మావాడికి కొత్త క్యాసెట్లు ఎక్కణ్ణుంచి తేను?”

“మీవాడి దగ్గర ఏ క్యాసెట్టుందేంటి?”

“మంచు మీద జారేది.”

“నా దగ్గర ఓడల యుద్ధం ఉందండీ. ఓసారి మార్చుకుందాం, పంపించండి వాణ్ణి. పెద్దవాణ్ణి కదా, నేనెళ్ళి అడిగితే బాగోదు.”

ఆయన ఒక్కగానొక్క కూతురు కాకినాడలో కాలేజీ చదువుతోంది. ఇంట్లో ఆయనా, భార్య అచ్చాయమ్మా. యాభై దాటిన మనిషి ఓడల యుద్ధం ఎవరితో చేస్తాడని సత్యనారాయణకు అనుమానమైనా రాలేదు. అతని బుర్ర నిండా మునిగిపోయే కంపెనీయే ఉంది.

అబ్బులు వెళ్ళాడు. కాసేపటికి పై అంతస్తు నుంచి గావుకేకలు. బుల్లిరాజు గారు తన ఓడలతో తన ఓడలనే గుద్దించుకుంటున్నారు.

“తాతయ్యా, అటు కాదు! కుడి పక్కకి తిప్పు!”

“తిప్పేను కదరా!”

“అది ఎడం పక్క తాతయ్యా!”

అచ్చాయమ్మ వంటింట్లోంచి, “ఏవండీ, మన ఓడలు ఇంకా ఉన్నాయా, అయిపోయాయా?” అని అడిగింది.

ఆ గొడవకు మెట్ల మీద పిల్లలు తలుపు దగ్గర మూగారు. ఇంత చక్కగా ఓడిపోయే మనిషిని వాళ్ళు ఎన్నడూ చూడలేదు. తామూ ఒక చెయ్యి వేస్తామని లోపలికొచ్చారు. ఆ పెట్టె నడపడం తెలిసినవాడు అబ్బులు ఒక్కడే గనక, గురువు వాడే అయ్యాడు. నెల తిరక్కుండా “యల్లా! ఖలాస్!” అని అరబ్బీలో బిల్డింగు ఎగిరిపోయేలా అరుస్తున్నది వాడే. బస్సులు తమ మానాన తాము తిరుగుతున్నాయి.

కొంతకాలానికి ఆ కంపెనీ ఆటల వ్యాపారం నుంచి తప్పుకుందని పేపర్లో పడింది. సత్యనారాయణ పేపరు జెండాలా ఊపుతూ వచ్చాడు.

“చూశావా? ఆయన చెయ్యి పడిందో లేదో, అయిపోయింది! కారణం, ఫలితం. ఇంతకంటే రుజువేం కావాలి?”

సత్యలక్ష్మి బియ్యంలో రాళ్ళేరుతూ అడిగింది. “ఆ పెట్టె ముందు కొన్నదెవరండీ? మనమా, ఆయనా?”

“మనమే.”

“చిన్న టేపు వీడియో ముందు కొన్నది కింద వాటాలో ఖాతూన్ బీ. ఆవిడకు టేపులు మార్చుకునే దిక్కు లేకపోతే అప్పుడు కొన్నారు ఈయన. తెర ఉన్న పెట్టె డ్రైవర్ చిన్నపుల్లయ్య కొడుక్కి, అతనికి వీసా ఇచ్చిన కఫీల్ ఇంటివాళ్ళిచ్చారు. దాని క్యాసెట్లు ఇంకెవరి దగ్గరా లేకపోతే అప్పుడు కొన్నారు. మరి ఇందులో కారణం ఏది, ఫలితం ఏది? మీరు ఎమ్మెస్సీ కదా, చెప్పండి.”

ఎమ్మెస్సీ పేపరు మడిచి, సుద్దగీత దాటి మేడెక్కాడు. బుల్లిరాజు గారు ఓడలు ముంచుకుంటున్నారు.

“బాబాయ్ గారూ, ఇది మునిగే కంపెనీ అని మీకు ముందే తెలుసు కదా?”

“గోడౌన్‌లో ఉండేవాణ్ణి, తెలీదేంటండీ?” అని ఆయన సిగ్గుపడ్డారు. తర్వాత అబ్బులుకు వినబడకుండా చెవిలో ఒక సలహా చెప్పారు.

ఇప్పుడు దుకాణాల్లో కొత్త కంపెనీలు, కొత్త పోట్లాట. పిల్లలంతా నింటెండో వైపు తిరిగారు. మొన్న రాయచోటి నుంచి వచ్చిన రెడ్డెమ్మ కొడుకు ఒక్కడే సేగా పెట్టె పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. సత్యనారాయణ ఈసారి పట్టిక గీయలేదు. తిన్నగా రామాంజులు షాపుకెళ్ళి సేగా అడిగాడు. రామాంజులు మొహం పాలిపోయింది. చాయ్ తెప్పించాడు.

“సామీ, మీరు కూడానా? ఎవురు చెప్పినారు మీకు ఈ పని?”

“బుల్లిరాజు గారు. ‘గెలిచే కంపెనీకి లోకమంతా తోడుంటాదండీ. మన మెట్ల మీద ఒక్కడే మిగిలిపోయినవాడి దగ్గర ఏ పెట్టె ఉందో చూసుకుని, మీరు అదే కొనండి’ అన్నారు.”