లేవడం సాధన
రిటైరైన డ్రిల్లు టీచరమ్మకు డెబ్బై దాటినా నడుము వంగలేదు. తెల్లారగానే మేడమెట్లు ఎక్కి దిగుతుంది, కిటికీ ఊచ పట్టుకుని మడమలు ఎత్తుతుంది. ఆ తర్వాత ముందుగది నేల మీద వెల్లకిలా పడుకుని, పక్కకి దొర్లి, మోకాలు మోపి, దేన్నీ పట్టుకోకుండా లేస్తుంది. భర్త పోయినప్పటి నుంచీ ఇది మానలేదు. ఒకనాడు తలుపు ఓరగా ఉండడంతో పక్కింటి కోడలు చూసి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో పిన్నిగారూ, పడిపోయారా?"

"లేదమ్మా, లేవడం సాధన చేస్తున్నా. నిజంగా పడిననాడు లేపడానికి ఎవరున్నారు గనక?" అంది టీచరమ్మ, నవ్వుతూనే.

ఆ పిల్ల చెయ్యి చాచింది. టీచరమ్మ తనంతట తనే లేవగలదు. అయినా ఆ చెయ్యి అందుకుని, బరువంతా దాని మీద వేసి, నిదానంగా లేచింది. "పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను పిన్నిగారూ" అని ఆ పిల్ల మెల్లగా అనేదాకా వదలనే లేదు.