ఏ రొట్టె, చెల్లె?

ఎదురింటి నర్సక్క మొన్న పొద్దున ఆస్పత్రిలో పోయింది. వార్త ఫోన్లో మెసేజ్‌గా వచ్చింది. బతికున్నవాళ్లను కూడా చంపేస్తూ మెసేజ్‌లు తిరుగుతున్న రోజులివి. నేను నమ్మలేదు. ఆమె కోడలికి ఫోన్ చేసి, ఏడుపు విన్నాకే నమ్మాను. నమ్మే ముందు అడగాలన్నది నర్సక్క దగ్గర నేర్చుకున్నదే.

మగ్గాల పనికి మేం వలసొచ్చిన గోడాదరాలో మా రెండు తలుపుల మధ్య నాలుగడుగుల వరండా. మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగి మా ఆయన ఇంట్లో కూర్చున్నాడు. లావున్నవాళ్లకు, షుగరున్నవాళ్లకు ఈ రోగం ప్రమాదమని అందరూ అన్నారు. నాకు రెండూ ఉన్నాయి. రోజుకు పన్నెండు వందల కేలరీలని నాకు నేనే హద్దు పెట్టుకుని, నోటుపుస్తకంలో గడులు గీసి, తిన్న ప్రతిదీ రాశాను. నెలలో ఐదు కిలోలు తగ్గాను. ఒకరోజు వరండాలో బట్టలు ఆరేస్తూ కళ్లు తిరిగి కూలబడ్డాను.

"ఏమైంది చెల్లె? ఏం తిన్నవ్?" ఎదురు తలుపులోంచి అడిగింది నర్సక్క, ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి.

"లెక్క ప్రకారమే తిన్నక్కా."

"ఎవరి లెక్క? జర పుస్తకం తే."

నాకు నచ్చలేదు. ఆమె నాకంటే లావు. నేను సన్నబడుతుంటే ఓర్వలేకపోతోందేమో అనుకున్నాను. అయినా పుస్తకాన్ని వరండాలోని స్టూలు మీద పెట్టి దూరం జరిగాను.

"రొట్టెలు మూడు, నాలుగు వందల యాభై. ఏ రొట్టె?"

"రొట్టె అంటే రొట్టె. ఏ రొట్టె ఏందక్కా!"

అన్నాక నాకే అనుమానం వచ్చింది. నేను లెక్క చూసుకునే కేలరీల పట్టిక ఊరి నుంచి మా చెల్లెలు పంపింది. అందులో రొట్టె అంటే జొన్నరొట్టె. జొన్నపిండి దొరక్క నేను కాలుస్తున్నవి ఇక్కడివాళ్ల గోధుమ రోట్లీలు, కాగితమంత పలుచనివి. మా ఇంట్లో అవీ రొట్టెలే. రెండు కలిపితే గానీ ఒక జొన్నరొట్టె కాదు. పూటకు మూడు చొప్పున రోజుకు ఆరు. పుస్తకంలో పన్నెండు వందలు ఉంటే, కడుపులోకి ఎనిమిది వందలు కూడా వెళ్లలేదు.

"పన్నెండు వందలే నీకు తక్కువ. షుగర్ గోలీలు మింగేదానివి, డాక్టర్‌ను అడగకుండ తిండి కోస్తవా? సన్నం గాదు, సాఫ్ అయితవ్!"

అక్కడే నిలబడి డాక్టరుకు ఫోన్ చేయించింది. ఆయన గోలీ మార్చాడు. మామూలుగా తినేదాంట్లో ఐదు వందలకు మించి కోయొద్దని, పధ్నాలుగు వందలకు తగ్గొద్దని, వారానికి అర కిలో తగ్గితే చాలని చెప్పాడు. నేను ముఖం చిన్నబుచ్చుకున్నాను.

"పదేండ్లల్ల పెరిగింది పది దినాలల్ల పోతదా?" అంది నర్సక్క.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం పుస్తకం స్టూలు మీద పెట్టేదాన్ని. పొద్దున అందులో ఎర్ర ప్రశ్న గుర్తులు ఉండేవి. పప్పు ఏ గిన్నెతో? నూనె ఏది? గడి ఖాళీగా ఉంటే ఆమెకు మరీ అనుమానం. "తినలేదా, రాయలేదా?"

నేనూ ఆమెను వదల్లేదు. ఆమె పంపిన పెరుగును కాంటా మీద పెట్టి తూచాను.

"అక్కా, వంద గ్రాములని చెప్పి నూటయాభై పంపినవ్."

"దొంగ దొరికింది పో! తిన్నవా లేదా?"

"తిన్న."

"ఇగ కేసు లేదు."

బరువు మెల్లగా తగ్గింది. కళ్లు తిరగడం పోయింది. ఈ ఏడు రోగం మళ్లీ పెరిగాక ఆస్పత్రివాళ్లు పిలిస్తే, రిటైరైన మనిషి మళ్లీ డ్యూటీకి పోయింది. రెండు పూటల డ్యూటీ చేసి వచ్చి కూడా నా పుస్తకం చూసేది. నువ్వేం తిన్నావక్కా అని ఒక్కసారీ అడగలేదు నేను. అన్నీ అనుమానించినదాన్ని, అదొక్కటి అనుమానించలేదు.

మొన్న నాకు ముద్ద దిగలేదు. సాయంత్రం ఖాళీ గడి చూసి, లేచి ఒక రొట్టె కాల్చుకుని తిన్నాను. అలవాటుగా రాసి, అలవాటుగా పుస్తకాన్ని స్టూలు మీద పెట్టాను. పొద్దున వెళ్లి తెచ్చుకున్నాను. 'రొట్టె ఒకటి' అని ఉంది. ఏ రొట్టో రాయలేదు. పక్కన ఎర్ర గుర్తు లేదు.