పున్నమ్మ ఊడని మంచం

సాంఘిక సంక్షేమ హాస్టల్లో ముప్ఫై ఒక్క ఏళ్లు వంటమనిషిగా చేసి రిటైరైన పున్నమ్మ, గుంటూరు అంచున మూడో అంతస్తులో ఒకే పడకగది ఉన్న ఫ్లాటు కొనుక్కుంది. చూడ్డానికి వచ్చిన చుట్టాలందరూ నిమ్మరసం తాగి, గ్లాసు కింద పెట్టి, ఒకటే మాటన్నారు: "బాగుంది గానీ చిన్నది." ఆ మాటన్న పదకొండు మందిలో తొమ్మిది మంది అద్దె కొంపలవాళ్లు. సొంత గోడ లేనివాడి కంటికి పక్కవాడి గోడ ఎప్పుడూ ఇరుకే.

చిన్నదే, కాదని ఎవరన్నారు? హాల్లో ఒకరు ఆవులిస్తే వంటింట్లో పొయ్యి మంట ఊగుతుంది. అయినా తాళంచెవి పున్నమ్మ కొంగున ఉంది. ఆ కొంగున ముప్ఫై ఒక్క ఏళ్లు వేలాడింది సర్కారు బియ్యం గది తాళంచెవి. ఇప్పుడు వేలాడేది తనది.

ఇల్లు కొన్నాక ఇంట్లోకి సామాను కావాలి. పున్నమ్మ తమ్ముడి కూతురు జాస్మిన్, ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, మేనత్త పక్కన కూచుని ఫోను తీసింది. వేలితో తోస్తుంటే మంచాలు, బల్లలు, సోఫాలు ఒకదాని వెనక ఒకటి పరిగెత్తాయి.

"ఇది చూడత్తా. అట్టపెట్టెలో వస్తంది. ఇద్దరొచ్చి రెండు గంటల్లో బిగించి పోతారు."

"బిగించినోడు ఊడదీయగలడు గదా?"

"ఊడదీయగలడు. ఇల్లు మారినా మోసుకెళ్లొచ్చు. అదే దాని గొప్ప."

"అదే నాకొద్దు. నేను మారను, నా మంచం ఊడదు."

జాస్మిన్‌కి అత్త సంగతి తెలుసు. ఫోను సంచిలో పెట్టేసుకుంది.

ఆ మాట వెనక పెద్ద కథే ఉంది. హాస్టల్లో చేరిన కొత్తల్లో వార్డెను పున్నమ్మని పిలిచి, "బియ్యం మూటలకి కాపలాగా సామాన్ల గదిలోనే పడుకో" అన్నాడు. పెద్దమనసు చేసుకుని ఒక ఇనప మంచం కూడా ఇచ్చాడు, నట్లు బోల్టులతో బిగించేది. అయితే కాగితాల ప్రకారం వంటమనిషికి హాస్టల్లో నివాసం లేదు. కాబట్టి తనిఖీకి అధికారి వస్తున్నాడని కబురు రాగానే పున్నమ్మ పానా పట్టుకుని మంచం ఊడదీయాలి. ముక్కల్ని పప్పు డబ్బాల వెనక దాచాలి. అధికారి వచ్చేవాడు, సాంబారు చిటికెన వేలితో నాకేవాడు, "బాగుంది" అని రాసేవాడు, పోయేవాడు. పున్నమ్మ మళ్లీ బిగించుకునేది. ఏళ్లు గడిచేకొద్దీ నట్లు జారిపోయి ఒక కోడుకి తాడు కట్టాల్సి వచ్చింది. అన్నేళ్లలో ఎందరు అధికారులు వచ్చారో లెక్కలేదు. వంటమనిషి ఎక్కడ పడుకుంటుందని వాళ్లలో ఒక్కడికీ సందేహం రాలేదు. పాపం, చదువుకున్నవాళ్లకి అలాంటి చిన్న విషయాలు తట్టవు.

రిటైరైన రోజు హాస్టలువాళ్లు పున్నమ్మకి శాలువా కప్పారు. మంచం ఉంచేసుకున్నారు. పానా మాత్రం పున్నమ్మ సంచిలో వేసుకుని వచ్చింది. ఎందుకంటే ఏమో.

ఆవిడ కోరిక ఒక్కటే. సొంత ఇంట్లో, సొంత మంచం మీద, ఎవడు తలుపు కొట్టినా లేవకుండా పడుకోవాలి. మిగతా సామాను ఉన్నా సరే, లేకున్నా సరే.

కర్ర సిద్ధంగానే ఉంది. ప్రత్తిపాడులో వాళ్ల నాన్న నాటిన వేపచెట్టు రెండేళ్ల కింద గాలివానకి పడిపోతే, కోతమిల్లులో పలకలు కోయించి తమ్ముడి గొడ్లసావిట్లో ఆరబెట్టించింది. పనివాడు కూడా ఆ ఊళ్లోనే ఉన్నాడు. యలమందాచారి. డెబ్భై ఏళ్లు. ఒకప్పుడు ఆయన వాకిట్లో నాగళ్లు, బండ్లు వరసలు కట్టేవి. ట్రాక్టర్లు వచ్చి నాగలిని తినేశాయి, ఇనప ద్వారబంధాలు వచ్చి గుమ్మాన్ని తినేశాయి. ఇప్పుడు ఊళ్లోవాళ్లు ఆయన్ని గొప్ప పనివాడని ఎంతో గౌరవంగా చెప్పుకుని, పని మాత్రం పక్క ఊరి ఫ్యాక్టరీకి ఇస్తారు.

ఆచారి బస్సెక్కి వచ్చాడు. చెప్పులు బయట వదిలి, లోపలికి నాలుగడుగులు వేసి, అటూ ఇటూ చూశాడు.

"వంటిల్లు ఏది పున్నమ్మా?"

"మీరు నిలబడ్డదే ఆచారిగారూ."

"ఓహో. పడకగది?"

"వెనక్కి తిరగండి."

ఆచారి తిరిగి చూసి, తల పంకించి, గోడలు కొలవడం మొదలుపెట్టాడు. మర్యాదస్తుడు. రెండు నెలల్లో వంటింటికి మూల గూడు, గోడకి ఆనించి మడిచే బల్ల, ఒక ముక్కాలిపీట చేసి తెచ్చాడు. ఒక్క మేకు లేదు. ఎక్కడ పెట్టాల్సింది అక్కడ, పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్నట్టు కూచున్నాయి. జాస్మిన్ బల్లని మడిచి, తెరిచి, మళ్లీ మడిచి, "పర్లేదత్తా" అంది. ఆ పిల్ల నోట ఆ మాటంటే బంగారు పతకం కింద లెక్క.

తరవాత మంచం. ఆచారి జేబులోంచి నూలుదారం తీసి, పున్నమ్మ చెయ్యి చాపమని, మోచేతి నుంచి వేలికొస దాకా కొలిచాడు.

"మంచం నాకా, నా చేతికా?"

"మనిషి మూరని బట్టే మంచం. కొలతని బట్టి సింహమో, గాడిదో, కుక్కో, ఏ ఆయం పడుతుందో చూడాలి, మంచి ఆయమైతేనే మనిషికి మంచి." ఆచారి వేళ్ల మీద లెక్క వేశాడు. మొహం ముడిచాడు. "ఆరడుగుల మంచానికి నీ కొలతలో గాడిద ఆయం వస్తంది."

"మా ప్రభువు కూడా వడ్రంగే ఆచారిగారూ. ఆయన గాడిదలూ కుక్కలూ లెక్కేసినట్టు ఎక్కడా రాయలేదు."

"రాసినోళ్లు వడ్రంగులు కాదు గదమ్మా. చేపలోళ్లు. వాళ్లకేం తెలుసు?"

పున్నమ్మకి నవ్వొచ్చింది గానీ బయటపడలేదు. "సరే, ఏం చేద్దామంటారు?"

"మూడంగుళాలు పెంచితే సింహాయం."

ముప్ఫై ఒక్క ఏళ్లు ఏ ఆయంలో పడుకుందో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

"గాడిద ఆయం చాలా కాలం చేశాను. సింహమే పెట్టండి. ఒకటే మాట. నట్టు ఉండకూడదు, బోల్టు ఉండకూడదు. ఏ మగాడొచ్చినా ఊడదీయలేకుండా ఉండాలి."

"నా చేతి కర్రచీల దిగిందంటే నేనే తీయలేను," అన్నాడు ఆచారి. అంతకాలానికి తన మాట అర్థమయ్యే మనిషి దొరికినందుకు ఆయన మొహం వెలిగిపోయింది. అంత ఆనందంలో ఉండి, మెట్లు కొలవాలన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు. గొప్ప మనుషులు మెట్ల గురించి ఆలోచించరు.

శనివారం పొద్దున్న మంచం ట్రాలీ ఆటోలో వచ్చింది. నాలుగు కోళ్లూ, పట్టెలూ, తలవైపు పలకా, అన్నీ కలిసి ఒకే ప్రాణి. వేపకర్ర నూనె పెట్టిన ఒంటిలా మెరుస్తోంది. లిఫ్టులో పట్టదు; అందులో నలుగురు మనుషులే పట్టరు, ఒకరు ఊపిరి బిగబట్టాలి. మెట్ల మీదుగా ఎక్కించారు. మొదటి మలుపు దగ్గర మంచం ఆగిపోయింది. నిలబెట్టారు, పడుకోబెట్టారు, తల్లకిందులు చేశారు. ఎటు తిప్పినా గోడకి తగులుతుంది, సరిగ్గా మూడంగుళాలు.

"మీ సింహం మెట్లెక్కనంటంది ఆచారిగారూ!"

"ఊడొద్దన్నది నువ్వు గాదా? నట్లు పెట్టుంటే ఈపాటికి పైనుండేది!"

"కొలిచేటప్పుడు నా చెయ్యి కొలిచారు గానీ మెట్లు కొలిచారా?"

"మెట్ల మీద పడుకుంటావా నువ్వు, మెట్లు కొలవటానికి?"

ఈ సంగీతం విని పై నుంచి సంజీవరావు దిగాడు. ఆయన అసోసియేషన్ సెక్రటరీ. ఆ ఇరవై నాలుగు ఫ్లాట్లకీ తనే కలెక్టరునన్నది ఆయన నమ్మకం.

"గోడ పెచ్చులూడుతున్నాయమ్మా. మెట్ల మీద పెద్ద సామాను రూల్సులో లేదు."

"బాల్కనీ మీంచి తాళ్లతో లాగిస్తాం బాబూ."

"బాల్కనీ గ్రిల్లు తీయటం అసలే రూల్సులో లేదు."

ఆచారి మంచం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఎవరి వైపూ చూడకుండా, "చీలలు కోసేస్తాను పున్నమ్మా," అన్నాడు. "విప్పి పైకి తీసుకెళ్దాం. పైన బోల్టులేస్తాను." ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో పున్నమ్మకి కనపడింది. తనకేమైందో అంతకన్నా బాగా తెలుసు. సంచిలో పానా ఉంది. చేతులకి ఆ పని కళ్లు మూసుకుని వచ్చు.

"కోయొద్దు," అంది. "సెక్రటరీగారూ, నా కారు పెట్టుకునే చోటు తొమ్మిదో నంబరు, అవునా?"

"మీకు కారెక్కడుందమ్మా?"

"ఇదే. దీనికీ నాలుగు కాళ్లున్నాయి. పెట్రోలు తాగదు, పొగ వదలదు. కారు చోట్లో ఏ కారు పెట్టాలో రూల్సులో ఉందా?"

రూల్సులో లేదు. మంచం తొమ్మిదో నంబరులో, రెండు కార్ల మధ్య, దర్జాగా కూచుంది.

వారం రోజులు పున్నమ్మ పగలంతా దాని మీదే. పొద్దున్న బైబిలు, మధ్యాహ్నం మిరపకాయల తొడిమలు, సాయంత్రం టీ. ఫ్లాట్లలో ఎప్పుడూ పలకరించుకోని ఆడవాళ్లు కూరగాయల సంచీలతో వచ్చి పట్టె మీద కూచోవడం మొదలుపెట్టారు. ఎవరి నీళ్ల మోటారు బిల్లు ఎవరి నెత్తిన పడుతుందో, సెక్రటరీగారి రూల్సు ఏ పుస్తకంలో ఉన్నాయో, అన్నీ ఆ మంచం మీదే చర్చకొచ్చాయి. సంజీవరావుకి అది నచ్చలేదు. అసోసియేషన్ మీటింగుకి ముగ్గురొస్తారు, మంచం దగ్గరికి పదిమంది వస్తున్నారు.

అసలు దెబ్బ మళ్లీ శనివారం తగిలింది. సంజీవరావు అల్లుడు నెలకి రెండు శనివారాలు కారేసుకుని వస్తాడు. పున్నమ్మకి కారు లేదు కాబట్టి ఆ తొమ్మిదో నంబరు అల్లుడుగారిదేనని మామగారు ఎప్పుడో తీర్మానించారు. ఆ తీర్మానం పున్నమ్మకి తప్ప అందరికీ తెలుసు. అల్లుడు మంచం ముందు కారాపి హారను కొట్టాడు. పున్నమ్మ తొడిమ తీసి, కాయ చాటలో వేసి, "మంచానికి హారను వినపడదు నాయనా," అంది. అల్లుడు కారు వీధిలో పెట్టాడు. సాయంత్రానికి ఎవడో సిమెంటు లారీవాడు దాని అద్దం గీసుకుంటూ పోయాడు.

ఆ సాయంత్రమే సెక్రటరీగారికి రూల్సు పుస్తకంలో కొత్త పేజీ కనపడింది. "గ్రిల్లు తాత్కాలికంగా తీసుకోవచ్చమ్మా. రేపే తీసుకోండి. పొద్దున్నే తీసుకోండి."

ఆదివారం మిర్చియార్డుకి సెలవు. యార్డులో మూటలెత్తే ముఠా మేస్త్రి యూసుఫ్, పున్నమ్మ హాస్టల్లో అన్నం తిని పెరిగినవాడు, ముగ్గురిని వెంటేసుకుని తాళ్లతో వచ్చాడు. మంచం బరువు చూసి, "ఇదేందమ్మా, రెండు మూటలుండదు," అన్నాడు. కబురందుకుని వచ్చిన ఆచారికి ఆ మాట కొంచెం గుచ్చుకుంది. గ్రిల్లు దగ్గరే పని ఆగింది. బోల్టులు తుప్పు పట్టి బిగుసుకున్నాయి. వెల్డరు ఫోనెత్తలేదు. యూసుఫ్ రెండు చేతులతో తిప్పినా కదల్లేదు.

"జరుగు," అంది పున్నమ్మ. సంచిలోంచి పానా తీసింది. బోల్టు మీద కొబ్బరినూనె చుక్క వేసి, కాసేపాగి, ముందు బిగుతు వైపు కొంచెం తిప్పి, తరవాత వెనక్కి లాగింది. కిర్రుమంది. ఒకటి, రెండు, ఎనిమిది. నట్లన్నీ వరసగా గిన్నెలో వేసింది, ఒక్కటీ జారిపోలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ల సర్కారు శిక్షణ ఎక్కడికి పోతుంది?

మంచం గాల్లోకి లేచింది. చుట్టుపక్కల బాల్కనీలన్నీ నిండాయి. ఆచారి కింద నిలబడి రెండు చేతులూ పైకి చాపాడు, పడితే పట్టుకుంటానన్నట్టు. పడలేదు. హాల్లోకి వచ్చి దిగింది. పడకగది గుమ్మం దగ్గర మళ్లీ అదే మూడంగుళాల పేచీ. పున్నమ్మ అందర్నీ ఆపేసింది.

"ఇక్కడే ఉండనీండి."

"హాల్లో మంచమేందత్తా?" అంది జాస్మిన్. "ఎవరన్నా వస్తే?"

"వచ్చేది నన్ను చూడ్డానికేగా? మంచం మీదే ఉంటాను, వెతుక్కోనక్కర్లేదు."

ఆచారి వెళ్లేముందు తలవైపు పలకని ఒకసారి తట్టి చూసి, మెట్ల వైపు అదోలా చూసుకుంటూ దిగిపోయాడు. గ్రిల్లు మళ్లీ బిగించింది కూడా పున్నమ్మే.

మర్నాడు మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చింది. వేపకర్ర వాసన. ఫ్యాను గాలి. కన్ను మూతపడుతుండగా కాలింగ్ బెల్లు మోగింది.

"అమ్మా, నేను సంజీవరావుని. గ్రిల్లు సరిగా బిగించారో లేదో ఇన్‌స్పెక్షన్‌కి వచ్చాను."

ఆ మాట చెవిన పడగానే పున్నమ్మ కాళ్లు వాటంతటవే నేలకి దిగాయి. ఒళ్లు వంగింది. కుడిచెయ్యి మంచంకోడు కిందికి పోయి నట్టు కోసం తడుముకుంది. నున్నటి కర్ర తగిలింది. ఇంకో కోడు తడిమింది. అక్కడా ఏమీ లేదు. ఊడదీయడానికి ఆ మంచంలో ఎక్కడా ఏమీ లేదు.

బెల్లు మళ్లీ మోగింది.

పున్నమ్మ కాళ్లు పైకి లాక్కుంది. దిండు సర్దుకుంది. గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని, గొంతెత్తి అంది:

"పడుకున్నానండీ. తలుపు గడియ పెట్టలేదు, వచ్చి చూసుకుని పొండి. పోయేటప్పుడు దగ్గరికేసి పొండి, ఈగలొస్తాయి."